గిటారు బొంగురు గొంతూ, మన తెలుగు ఆరాధనా

ఈసారి రాసింది కాస్త పొడుగు, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. మనలో గుడికి పోయేవాళ్లూ ఉన్నారు, చర్చికి పోయేవాళ్లూ ఉన్నారు. ఇది చర్చి గిటారు గురించే అయినా దాని వెనక ఉన్నది మన తెలుగు సంగతి, అందుకే అందరికీ పెడుతున్నాం.

మా తెలుగు ఆరాధనలో కొంతకాలంగా ఒక తగాదా నడుస్తున్నది. పిలకాయలు ఎలక్ట్రిక్ గిటారుకు ఓవర్‌డ్రైవ్ పెడల్ తగిలించి వాయిస్తామంటారు. పెద్దవాళ్లు అది సినిమా కచ్చేరీ సౌండు, దేవుడి సన్నిధిలో వద్దంటారు. మాట పెరిగితే పిలకాయలు తమిళ ఆరాధనకో ఇంగ్లీషు ఆరాధనకో పోతారు. అక్కడ బ్యాండు ఉంది, రమ్మని పిలిచేవాళ్లూ ఉన్నారు. మాకు ఇది చిన్న విషయం కాదు. మేము తమిళ మీడియంలో చదివినవాళ్లం, బళ్లో తెలుగు అక్షరం చూడలేదు. ఆదివారం అమ్మ పక్కన కూర్చుని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో వేలు పెట్టి చదవగా వచ్చిన తెలుగే ఇప్పుడు మీరు చదువుతున్నది. ఆ బెంచీ ఖాళీ అయితే మా మనవళ్లకు తెలుగు అక్షరం కనబడే ఇంకో చోటు మాకు తెలియదు.

అందుకని ఆ సౌండు ఎక్కడ పుట్టింది, చర్చికి ఎట్లా వచ్చింది అని చూశాం. తేలిందేమంటే, అది చర్చికి బయటినుంచి వచ్చిన చుట్టం కానే కాదు.

ముందు ఓవర్‌డ్రైవ్ అంటే ఏమిటో చెప్పుకుందాం. ఆంప్లిఫయర్‌కు అది మోయగలిగినదానికన్నా పెద్ద సిగ్నల్ ఇస్తే శబ్దపు అల తలకాయ తెగిపోతుంది. కత్తితో కోసినట్టు తెగితే చెవికి గరుకుగా, రంపంపొట్టు రాలినట్టు ఉంటుంది. పాతకాలపు వాల్వు ఆంప్లిఫయర్లలో అట్లా కాదు, అల తల నున్నగా అరిగి గుండ్రమవుతుంది. స్వరం బొంగురుపోతుంది, కానీ తొందరగా ఆరిపోకుండా నిలుస్తుంది. బాగా పాడి పాడి కాస్త రాసుకున్న పెద్దాయన గొంతు మాదిరి అనుకోండి. పిలకాయలు 'స్మూత్' అనేది దాన్నే.

ఇప్పుడు చరిత్ర. 1930ల్లోనే అమెరికాలో ఫిలడెల్ఫియాలో హౌస్ ఆఫ్ గాడ్ అనే నల్లజాతి పెంతెకొస్తు సంఘంలో ట్రోమన్ ఈసన్, విల్లీ ఈసన్ అనే అన్నదమ్ములు ఎలక్ట్రిక్ స్టీల్ గిటారు ఆరాధనలో వాయించారు. తీగ మీద ఇనుప కడ్డీ జారుస్తూ వాయించే హవాయి పద్ధతి అది. తమ్ముడు విల్లీ ఆ వాద్యంతో మనిషి గొంతును పట్టాడు. పాడేవాడు ఒక మాట అంటే గిటారు అదే మాట తిరిగి అన్నట్టు వాయించేవాడు. ఆ సంఘాల్లో ఇప్పటికీ ఆర్గాను బదులు స్టీల్ గిటారే ఆరాధన నడుపుతుంది. 1997లో ఆర్హూలీ రికార్డ్స్ 'సేక్రెడ్ స్టీల్' పేరుతో ఒక ఆల్బం తెచ్చేదాకా బయటి ప్రపంచానికి ఈ సంగతి పెద్దగా తెలియదు.

రెండో పేరు సిస్టర్ రోసెటా థార్ప్. 1915లో అర్కన్సాలో పుట్టింది. తల్లి చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ సంఘంలో సువార్తికురాలు. బిడ్డ చిన్నప్పటినుంచే తల్లితో తిరుగుతూ గిటారు వాయించింది. 1938లో డెక్కా కంపెనీకి రికార్డు ఇచ్చింది, కాటన్ క్లబ్బులోనూ పాడింది. అప్పుడు సంఘంలో పెద్దలు ఆమెను అన్న మాటలూ ఇప్పుడు మన దగ్గర పిలకాయలు పడుతున్న మాటలూ ఇంచుమించు ఒకటే. తర్వాత రాక్ అండ్ రోల్ వాయించిన మగవాళ్లలో చాలామంది ఆమెను విని నేర్చుకున్నవాళ్లు. అంటే రాక్ సంగీతం చర్చిలోకి దూరిందనే ముందు చర్చి గిటారు రాక్‌లోకి పోయిందని కూడా చెప్పాలి గదా!

రైల్వేలో పనిచేసినవాళ్లం కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేం. 1964 మే 7న ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర విల్బ్రహామ్ రోడ్ అనే స్టేషన్లో గ్రనాడా టెలివిజన్ వాళ్లు ఆమె కచ్చేరీ పెట్టారు. 1958లోనే ప్రయాణికులకు మూసేసిన స్టేషన్ అది. ఒక ప్లాట్‌ఫారం మీద జనం, ఎదురు ప్లాట్‌ఫారం మీద ఆమె. వాన కురిసింది. ఆమె గుర్రబ్బండి దిగి, తెల్ల గిటారు తగిలించుకుని, వాన గురించిన భక్తి పాటే ఎత్తుకుంది. ఆ వీడియో ఇంటర్నెట్టులో దొరుకుతుంది, తప్పక చూడండి. గిటారు గొంతు అంచున బొంగురుపోతూ ఉంటుంది, మాట మాత్రం ఎక్కడా మునిగిపోదు.

పెడల్ కథ వేరే దారిన వచ్చింది. మార్టీ రాబిన్స్ 'డోంట్ వర్రీ' పాటలో, రికార్డింగు బల్లలో ఒక భాగం చెడిపోయి గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటారు కందిరీగ మాదిరి మోగింది. 1961లో ఆ పాట వచ్చాక అదే సౌండు కావాలని అందరూ అడిగితే గ్లెన్ స్నాడీ అనే ఇంజనీరు దానికో సర్క్యూటు కట్టాడు. 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్ అని అమ్మకానికి వచ్చింది. అది ఫజ్, గరుకు రకం. మనకు కావలసిన మెత్తటి రకానికి 1970ల చివరిదాకా ఆగాలి. 1977లో బాస్ ఓడీ-1, తర్వాత ఐబనేజ్ ట్యూబ్ స్క్రీమర్ జపాన్ నుంచి వచ్చాయి. చిన్న డయోడ్లతో అల తలను గుండ్రంగా అరగదీసే పని ఇవి చేస్తాయి. ట్యూబ్ స్క్రీమర్ మంద్రాన్ని ముందే కొంత తగ్గించి మధ్య స్థాయిని ముందుకు తోస్తుంది. మనిషి గొంతు ఉండే చోటూ అదే. అందుకే అది పాడినట్టు వినిపిస్తుంది. అందుకే మోతాదు మించితే పాడేవాళ్ల మాటను మింగేస్తుంది కూడా.

చర్చిల్లో 1970ల మొదట్లో కాలిఫోర్నియా కల్వరి చాపెల్ యువకులు, తర్వాత ఇంగ్లండు, ఆస్ట్రేలియా ఆరాధన బృందాలు గిటారును మామూలు చేశాయి. యూటూ బృందంలో ఎడ్జ్ వాయించే పద్ధతిని, అంటే కొంచెం ఓవర్‌డ్రైవ్, దాని మీద ప్రతిధ్వని, అందరూ అనుకరించారు. మన పిలకాయలు యూట్యూబులో చూసి వాయించేది అదే.

మరి పెద్దవాళ్ల ఫిర్యాదు తప్పా? మా అభిప్రాయంలో వాళ్ల చెవి కరెక్టే, నింద మాత్రం వేరే చోట పడుతున్నది. మన దగ్గర చాలా చోట్ల గిటారుకు ఆంప్లిఫయర్ ఉండదు. పెడల్ నుంచి తీగ నేరుగా మిక్సర్‌లోకి పోతుంది. గిటారు ఆంప్లిఫయర్ స్పీకరు సుమారు 5 కిలోహెర్ట్జ్ పైన ఉన్న కీచుదనాన్ని పెద్దగా పలకదు, వడగట్టేస్తుంది. హాలు స్పీకర్లు మొత్తం పలుకుతాయి. దాంతో ఎంత మంచి పెడలైనా చెవిలో దోమ మాదిరి మోగుతుంది. దీనికి మందు ఖరీదైన పెడల్ కాదు. స్పీకరు పెట్టెను అనుకరించే క్యాబ్ సిమ్యులేటర్ మధ్యలో పెట్టాలి, లేకపోతే చిన్న ఆంప్లిఫయర్ పెట్టి ముందు మైకు ఉంచాలి. రెండూ కుదరకపోతే మిక్సర్‌లో ఆ చానల్‌కు పై స్థాయి బాగా తగ్గించాలి.

పెడల్ ఏది కొనాలంటే, బాస్ ఎస్‌డీ-1 చాలు. 1981 నుంచీ ఉన్నది, ఈ రకంలో ధర తక్కువ. డ్రైవ్ మీట గడియారంలో తొమ్మిది, పది గంటల దగ్గర ఆపాలి, లెవెల్ మీట పెంచుకోవాలి. ప్రతిధ్వని పెడల్ దీని తర్వాత రావాలి, ముందు పెడితే అంతా కలగాపులగం. నాలుగైదు తీగల కార్డు మొత్తం మీటితే స్వరాలు ఒకదాన్నొకటి గీరుకుంటాయి, షడ్జ పంచమాలు రెండే మీటితే శుభ్రంగా ఉంటుంది.

ఇక్కడ మనకొక లాభం ఉంది. పర్లాకిమిడి వైపు పుట్టిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు కర్ణాటక రాగాల్లో కట్టినవి, కార్డుల కోసం కట్టినవి కావు. ఒంటి తీగ మీద రాగం లాగితే ఓవర్‌డ్రైవ్ స్వరాన్ని నిలుపుతుంది, గమకం ఆరిపోదు. ఫిడేలు కూడా తెల్లవాళ్ల వాద్యమే, మద్రాసులో బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. పాలకొల్లులో పుట్టి మద్రాసులో పెరిగి ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద త్యాగరాజ కీర్తనలు పలికించిన యు.శ్రీనివాస్ గారిని మొదట్లో ఇది కచ్చేరీ వాద్యమా అని అడిగినవాళ్లున్నారు.

కమిటీకి మేము చెప్పింది ఇదే: ఒక్క పాత కీర్తనతో మొదలుపెట్టనివ్వండి. చరణంలో పెడల్ వద్దు, జనం పాడేటప్పుడు గిటారు మీట తగ్గించాలి, పల్లవి తిరిగి ఎత్తుకునే ముందు ఖాళీలో నాలుగు ఆవర్తనాలు వాళ్లవి. కీర్తన సంఖ్య పిలకాయలే తెలుగులో చదివి చెప్పాలి. క్యాబ్ సిమ్యులేటర్ డబ్బులకు చందా రాస్తున్నాం, ఇవ్వదలచినవాళ్లు కోశాధికారి గారితో మాట్లాడండి.