టిప్పుకు మేనల్లుడా, తమ్ముని కొడుకా? – విజ్ఞానకోశంలో కెప్టెన్ నెమో: కడప సీమ చరిత్ర వెలుగులో ఒక పరిశీలన

ప్రవేశిక

జూల్స్ వెర్న్ (1828–1905) సృష్టించిన కెప్టెన్ నెమో గురించి విజ్ఞానకోశంలో రాయవలసి వస్తే చాలామంది రెండు వాక్యాలతో సరిపెడతారు. అతడు నాటిలస్ అనే జలాంతర్గామికి అధిపతి. అతడు భారతీయ రాకుమారుడు, అసలు పేరు డక్కర్, టిప్పు సుల్తానుకు బంధువు. మొదటి వాక్యంతో పేచీ లేదు. రెండవ వాక్యంలోని ప్రతి అంశమూ ఏ గ్రంథంలోనిది, ఏ సంవత్సరం నాటిది, ఏ భాషలోని పాఠం అన్న ప్రశ్నలను రేకెత్తిస్తుంది. కల్పిత పాత్రకు ఇంత నిక్కచ్చితనం అవసరమా అని అనిపించవచ్చు. అయితే టిప్పు పేరు కల్పితం కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలు ఒకప్పుడు అతని ఏలుబడిలోనివే. ఈ ప్రాంత చరిత్రపై పనిచేసే పరిశోధకునికి ఆ రెండవ వాక్యం ఒక్కసారైనా ఎదురుపడకపోదు.

తెలుగులో విజ్ఞానకోశ రచన ఎంత శ్రమసాధ్యమో కొమర్రాజు లక్ష్మణరావు అనుభవమే చెబుతుంది. 1923లో ఆయన మరణించేనాటికి ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ ‘అ’కారాన్ని దాటలేదు. ఆ నిదానం వెనుక మూలాలను సరిచూడాలన్న పట్టుదల ఉంది. నెమో విషయంలో సరిచూడవలసిన మూలం ఫ్రెంచి పాఠం. తెలుగు పాఠకలోకానికి ఈ నవలలు ప్రధానంగా ఇంగ్లీషు ద్వారానే చేరాయి. ఆ దారిలోనే టిప్పు పేరు జారిపోయింది.

రెండు నవలలు, ఇద్దరు నెమోలు

సముద్రగర్భ యాత్రను వర్ణించిన మొదటి నవల 1869 మార్చి నుంచి 1870 జూన్ వరకు ధారావాహికగా వెలువడింది. అందులో నెమో జాతీయత ఎక్కడా చెప్పబడలేదు. ‘నెమో’ అంటే లాటిన్‌లో ‘ఎవరూ కాదు’ అని అర్థం. వెర్న్ తొలి ఆలోచనలో అతడు పోలెండు దేశీయుడు. 1863 నాటి పోలిష్ తిరుగుబాటును రష్యా అణచివేసినప్పుడు కుటుంబాన్ని కోల్పోయినవాడు. రష్యాలో పుస్తకాల అమ్మకం దెబ్బతింటుందన్న భయంతో ప్రచురణకర్త ఎట్జెల్ దీనికి ఒప్పుకోలేదు. బానిస వ్యాపారంపై పగబట్టిన వ్యక్తిగా మార్చమని ఆయన చేసిన సూచనను వెర్న్ తిరస్కరించాడు. ఆ పేచీ ఫలితంగానే నాయకుడు ఏ దేశానికీ చెందని వాడయ్యాడు. వారిరువురి ఉత్తరాలు ఈ విషయాన్ని రుజువు చేస్తున్నాయి. నాటిలస్‌లోని అతని గది గోడలపై పోలెండు వీరుడు కోసియుష్కో, ఐర్లండు నాయకుడు ఓకానెల్, అమెరికాకు చెందిన జాన్ బ్రౌన్, లింకన్ మొదలైనవారి చిత్రపటాలు ఉంటాయి. భారతీయుని పటం ఒక్కటీ లేదు.

1874–75 సంవత్సరాలలో ధారావాహికగా వచ్చిన రహస్య ద్వీపం నవల చివరి భాగంలో మాత్రమే అతడు ప్రిన్స్ డక్కర్ అవుతాడు. ఫ్రెంచి పాఠం ప్రకారం అతడు అప్పటికి స్వతంత్రంగా ఉన్న బుందేల్‌ఖండ్ రాజు కుమారుడు. భారత వీరుడైన టిప్పూ సాహెబుకు ‘నెవ్యో’ వరస. పదేళ్ళ వయసులో తండ్రి అతణ్ణి యూరపుకు పంపుతాడు. దేశాన్ని పీడించేవారితో సమాన ఆయుధాలతో పోరాడగలగాలన్నది తండ్రి రహస్య సంకల్పం. ముప్పై ఏళ్ళ వరకు అక్కడే చదువుకుని, 1849లో స్వదేశానికి తిరిగి వస్తాడు. 1857 తిరుగుబాటుకు అతడే ప్రాణం. కుటుంబం హతమైన తర్వాత సముద్రాన్ని ఆశ్రయిస్తాడు.

కనుక ‘నెమో భారతీయుడు’ అన్న వాక్యం 1875 నాటి రెండవ నవలకు వర్తిస్తుంది. 1870 నాటి మొదటి నవలకు దానిని వర్తింపజేయడం పాఠదోషం. రచయిత తానే తర్వాత చెప్పాడు కదా అన్న వాదన ఇక్కడ నిలవదు. మొదటి నవల రాస్తున్నప్పుడు రచయిత మనసులో ఉన్నవాడు పోలెండువాడు.

ఈ పొరపాటు బలపడడానికి ఒక అనువాద వాక్యం దోహదం చేసింది. సింహళ తీరంలో ముత్యాల కోసం మునిగిన ఒక పేద భారతీయుణ్ణి సొరచేప బారినుంచి నెమో కాపాడతాడు. కారణం అడిగితే, ఆ మనిషి పీడితుల దేశానికి చెందినవాడనీ, తుదిశ్వాస వరకు తానూ ఆ దేశానికే చెందుతాననీ ఫ్రెంచిలో చెబుతాడు. పీడితుల దేశానికి భౌగోళికమైన ఎల్లలు లేవు. 1872లో వెలువడిన మెర్సియర్ ఇంగ్లీషు అనువాదంలో ఇది ‘ఒక పీడిత దేశం’గా మారింది, నెమో ఆ దేశవాసులలో ఒకడయ్యాడు. మునిగినవాడు భారతీయుడు కనుక నెమో కూడా భారతీయుడే అన్న తాత్పర్యం ఇంగ్లీషు పాఠకునికి సహజంగానే తోస్తుంది. మెర్సియర్ నవలలో గణనీయమైన భాగాన్ని కత్తిరించాడని ప్రతీతి. కత్తిరింపు కనిపిస్తుంది కనుక దానిని పూరించుకోవచ్చు. ఇలాంటి ఒక్క విభక్తి మార్పు కంటబడదు.

ఇంగ్లీషులో మాయమైన టిప్పు

రెండవ నవలకు 1875లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం డబ్ల్యు.హెచ్.జి. కింగ్‌స్టన్ పేరుమీద ప్రచురితమైంది. అనువదించింది ఆయన భార్య ఏగ్నెస్ అని తర్వాతి పరిశోధకులు తేల్చారు. చాలాకాలం ఎక్కువగా చలామణి అయినది ఈ పాఠమే. ఇందులో డక్కర్ బుందేల్‌ఖండ్ రాజు కుమారుడే, కాని టిప్పుతో అతని బంధుత్వం ప్రస్తావన లేదు. తండ్రి సంకల్పం పీడకులతో పోరాటం కాదు. అనాగరికమైన విగ్రహారాధకుల దేశాన్ని యూరపు స్థాయికి లేవనెత్తడం. 1857 తిరుగుబాటుకు ప్రాణంగా ఉన్నవాడు కాస్తా దురాశాపరులైన రాజులు రేపిన కల్లోలంలోకి తేలికగా లాగబడినవాడయ్యాడు. పైగా ఇంగ్లీషు పాలన దేశానికి శాంతిసౌభాగ్యాలు తెచ్చిందన్న మాట, వెర్న్ రాయనిది, వచ్చి చేరింది. 1876లో అమెరికాలో వచ్చిన స్టీఫెన్ వైట్ అనువాదం ఇంతకంటె నమ్మదగినది. 2001లో సిడ్నీ క్రావిట్జ్ సమగ్రానువాదం వెలువడింది. ఈ తేడాలు తెలియని తెలుగు సంకలనకర్త కింగ్‌స్టన్ పాఠాన్ని ఆధారం చేసుకుంటే, వలసపాలకుల పరిష్కరణకు లోనైన నాయకుణ్ణి అసలు నాయకునిగా నమోదు చేసినట్లవుతుంది.

ఫ్రెంచి రచయిత టిప్పును వీరునిగా పేర్కొనడం యాదృచ్ఛికం కాదు. 1788లో టిప్పు రాయబారులు పదహారవ లూయీ దర్శనం చేసుకున్నారు. ఇంగ్లీషువారిపై పోరాడిన మిత్రునిగా అతడు ఫ్రెంచివారి జ్ఞాపకంలో మిగిలాడు. ఈ ఫ్రెంచి సంబంధం కడప సీమ మీదుగా కూడా సాగింది. 1779లో హైదర్ అలీ మయాణా నవాబును ఓడించి కడపను ఆక్రమించాడు. మూడవ మైసూరు యుద్ధంలో జమ్మలమడుగు సమీపంలోని గండికోట మైసూరు చేజారింది. 1792 శ్రీరంగపట్నం సంధితో టిప్పు కడపను నిజాముకు వదులుకున్నాడు. నిజాం ఆ ప్రాంతపు ఆదాయాన్ని తన ఫ్రెంచి సేనాని రేమండ్‌కు, అతని పటాలం ఖర్చుల నిమిత్తం జాగీరుగా ఇచ్చాడు. 1798 మార్చిలో రేమండ్ మరణించాడు, అదే ఏడాది ఆ పటాలాన్ని నిరాయుధం చేశారు. 1800లో కడప కంపెనీ పరమైంది. పులివెందుల, ప్రొద్దుటూరు రైతు ఇరవై ఒక్క ఏళ్ళలో నవాబు, మైసూరు, నిజాం, కంపెనీ అనే నలుగురు ప్రభువులకు శిస్తు కట్టాడు. అందులో కొంత ఫ్రెంచి సేనాని ఖజానాకు చేరింది.

వరస, వయసు

ఫ్రెంచి ‘నెవ్యో’, ఇంగ్లీషు ‘నెఫ్యూ’ సోదరుని కొడుకుకూ సోదరి కొడుకుకూ సమానంగా చెల్లుతాయి. తెలుగులో అలా కుదరదు. మేనల్లుడు వేరు, అన్నదమ్ముల కొడుకు వేరు. ఒకరికి పిల్లనివ్వవచ్చు, మరొకరు కొడుకు వరస. తెలుగులో ఏ పదం వాడినా మూలంలో లేని సమాచారాన్ని చేర్చినట్లే. తండ్రి బుందేల్‌ఖండ్ రాజు కనుక తల్లివైపు చుట్టరికమే కావచ్చునని ఊహించి చాలామంది మేనల్లుడు అంటారు. అది ఊహ మాత్రమే. ‘టిప్పు తోబుట్టువుల సంతానం (ఏ వైపు అన్నది మూలంలో లేదు)’ అని రాయడం కొంత మోటుగా ఉన్నా నిర్దుష్టం.

చారిత్రకంగా ఈ బంధుత్వానికి ఆధారం లేదు. బుందేల్‌ఖండ్ పాలకులు బుందేలా రాజపుత్రులు, మైసూరు వంశం ముస్లిము వంశం. డక్కర్ అన్న పేరు ఏ భారతీయ భాషలోనూ ఒదగదు. ‘ఠాకూర్’ నుంచి వచ్చిందన్న ఊహను ఆరోపంలో (విజ్ఞానకోశంలో ఒక శీర్షిక కింద ఇచ్చే వివరణలో) సత్యంగా చేర్చకూడదు. వయసు లెక్క మరింత ఆసక్తికరం. 1849లో ముప్పై ఏళ్ళవాడైతే డక్కర్ పుట్టింది 1819లో. టిప్పు మరణించి అప్పటికి ఇరవై ఏళ్ళు. హైదర్ 1782లో మరణించాడు కనుక అతని కడగొట్టు కూతురున్నా ఆమెకు 1819లో కనీసం ముప్పై అయిదేళ్ళు దాటి ఉండాలి. అసాధ్యం కాదు గాని లాగిపట్టిన లెక్క. మొదటి నవలలో 1867 నవంబరులో నెమోను చూసిన ప్రొఫెసర్ అరొనాక్స్ అతనికి ముప్పై అయిదో యాభయ్యో తేల్చుకోలేకపోతాడు. నలభై ఎనిమిది ఆ లెక్కలో ఒదుగుతుంది. రెండవ నవలలో 1868 అక్టోబరులో అతడు ముప్పై ఏళ్ళుగా మనుషులకు దూరమై, మరణశయ్యపై ఉన్న ముసలివాడు. 1857 తర్వాత సముద్రంలోకి వెళ్ళినవాడికి 1868 నాటికి ముప్పై ఏళ్ళు ఎలా నిండుతాయి? తేదీలు పొసగడం లేదని ఫ్రెంచి ప్రచురణకర్తే పాదసూచికలో ఒప్పుకున్నాడు. సంకలనకర్త ఈ పొత్తుకుదరని తేదీలను తన తెలివితో సర్దకూడదు. రెండింటినీ వాటి వాటి గ్రంథాల పేర్లతో ఇవ్వాలి.

గండికోట ఉదాహరణ

తేదీల పట్ల ఉదాసీనత చరిత్రలో ఏం చేస్తుందో చూడడానికి దూరం పోనక్కరలేదు. గండికోటను 1123లో కల్యాణి చాళుక్య ఆహవమల్ల సోమేశ్వరుని సామంతుడు కట్టించాడన్న వాక్యం పర్యాటక పత్రాల నుంచి పరిశోధన వ్యాసాల దాకా కనిపిస్తుంది. ఆహవమల్ల బిరుదాంకితుడైన మొదటి సోమేశ్వరుడు 1042 నుంచి 1068 వరకు పాలించాడు. 1123లో సింహాసనంపై ఉన్నది ఆరవ విక్రమాదిత్యుడు. తేదీ తప్పో, రాజు పేరు తప్పో, రెండూ స్థానిక కథనం నుంచి కలిసిపోయాయో నిర్ణయించవలసి ఉంది. ఒకరి నుంచి మరొకరు ఎత్తిరాసుకున్నారు గాని రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూసినవారు అరుదు. కైఫీయతు, శాసనం, గెజిటీరు వేరువేరు సాక్ష్యాలు. ఏది ఎక్కడిదో చెప్పకుండా ఒకే వాక్యంలో కలిపితే, ఆ వాక్యాన్ని తర్వాత విడదీయడం మొదట రాయడం కంటె కష్టం. వేమన పద్యాల ప్రతులను సేకరించి పాఠభేదాలు చూపిన సి.పి. బ్రౌన్ కడపలో పండితులతో చేయించిన పని ఇదే.

కల్పితానికీ చరిత్రకూ మధ్య గీత తెలుగు వాక్యంలోనే గీయవచ్చు. కల్పిత పాత్ర ‘జన్మిస్తాడు’, ‘పోరాడతాడు’. చారిత్రక వ్యక్తి ‘జన్మించాడు’, ‘పోరాడాడు’. ఈ చిన్న నియమం పాటించనందువల్ల ఎంత గందరగోళమో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విషయంలో తెలుస్తుంది. అప్పట్లో కడప జిల్లాలో భాగమైన కోవెలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉరితీయబడిన ఆయన గురించి జనశ్రుతి, వీరగాథ, 2019 నాటి చలనచిత్రం అన్నీ కలగలిసి వ్యాసాలకెక్కాయి. డక్కర్ నవలలో స్వదేశం తిరిగి వచ్చింది ఆ ఉరికి రెండేళ్ళ తర్వాత. ఈ సామ్యం చూసి డక్కర్‌కు రాయలసీమ వీరులే ప్రేరణ అని ఎవరైనా రాస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. వెర్న్‌కు కోవెలకుంట్ల తెలుసుననడానికి ఆధారం లేదు.

చలనచిత్రాల సంగతి క్లుప్తంగా. 1954 హాలీవుడ్ చిత్రంలో నెమో పాత్రధారి ఇంగ్లీషు నటుడు జేమ్స్ మేసన్. 2003 చిత్రంలో నసీరుద్దీన్ షా. మొదటిది మొదటి నవలకూ రెండవది రెండవ నవలకూ చేరువ కనుక రెండూ ఆరోపం చివర అనుసరణల కింద చేరితే చాలు.

మిగిలింది శీర్షిక సమస్య. ‘నెమో’ అని ‘న’ కింద పెట్టాలా, ‘డక్కర్’ అని ‘డ’ కిందనా? మొదటి నవల చదివినవాడికి డక్కర్ ఎవరో తెలియదు కనుక ప్రధాన ఆరోపం ‘నెమో’ కిందనే ఉండి, ‘డక్కర్’ కింద ‘చూ. నెమో’ అన్న సూచన ఉండడం సమంజసం. నెమో ఆరోపం నుంచి టిప్పు సుల్తాన్ ఆరోపానికి సూచన ఇవ్వవచ్చు. టిప్పు ఆరోపంలో మాత్రం, మైసూరు పాలనలోని కడప సీమ వివరాలు ముగిసి, ‘సాహిత్యంలో టిప్పు’ అన్న ఉపశీర్షిక వచ్చేదాకా నెమో పేరు రాకూడదు.