సిటీ కాలేజీ నినాదం, జీవో 3, మన బడి



నయాపూల్ దాటి హైకోర్టు దిక్కు తిరిగితే, మూసీ ఒడ్డున సిటీ కాలేజీ కనిపిస్తుంది. పాతబస్తీకి పరీక్షలకో, సర్టిఫికెట్లకో పోయినప్పుడు మనలో చాలామందిమి ఆ కాలేజీ ముందు నుంచే నడుస్తం. 1952 సెప్టెంబర్ 3న అక్కడ విద్యార్థుల మీద పోలీసు కాల్పులు జరిగినయి. మర్నాడు కూడా నగరంలో తుపాకులు పేలినయి. ప్రాణాలు పోయినయి. ఏం అడిగినందుకు? ఎక్కువ భాగం, టీచర్ ఉద్యోగాలు స్థానికులకే ఇయ్యాలని అడిగినందుకు.

వెనక కథ తెలియాలె. నిజాం కాలంలోనే, 1919 ఫర్మానాతో ముల్కీ నిబంధనలు వచ్చినయి. పదిహేనేండ్లు ఈ రాజ్యంలో ఉన్నోళ్లకే సర్కారు కొలువు అని వాటి సారం. 1948 పోలీసు చర్య తర్వాత బయటి నుంచి అధికారులు, గుమస్తాలు, టీచర్లు వచ్చిండ్రు. దొంగ ముల్కీ సర్టిఫికెట్ల మీద కొలువులు దొరుకుతున్నయని జనం గోల పెట్టిండ్రు. 1952 జూలై చివర వరంగల్‌లో విద్యార్థులు ముందుగా రోడ్డెక్కిండ్రు. అక్కడి నుంచి మంట హైదరాబాద్‌కు పాకింది. అప్పుడు ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు. కాల్పుల మీద విచారణ జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డికి అప్పజెప్పిండ్రు.

నినాదం వీధిలో పుట్టింది. అది కాగితం మీదికి ఎక్కడానికి ఇరవై మూడేండ్లు పట్టింది. 1956లో పెద్దమనుషుల ఒప్పందం, 1969లో మళ్లీ విద్యార్థుల ఉద్యమం, 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు, దాని మీద కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమం, 1973లో ఆరు సూత్రాల పథకం. ముల్కీ నిబంధనలు రద్దయినయి, రాజ్యాంగంలోకి 371-డి అధికరణం వచ్చింది, దాని కింద 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడినయి. అట్ల 'స్థానికుడు' అంటే ఎవరో చట్టం చెప్పింది: ఈ జిల్లావాడు, ఈ జోన్‌వాడు.

ఇక్కడ మన కథ మొదలైతది. ఆ లెక్కలో జిల్లా ఉంది, జోన్ ఉంది. ఏజెన్సీ లేదు. ఉట్నూరు గూడెంలో బడికి, అదే జిల్లా మైదానంలో బడికి 'స్థానికుడు' ఒక్కడే. వాన పడితే వాగు దాటలేని, పిల్లల భాష రాని పంతులు పట్నంలోనే ఉండిపోతే అడిగేటోడు లేడు.

ఆ లోటు తీర్చడానికే 2000లో జీవో 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బళ్లల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే. దాంతో మన అన్నలు, అక్కలు ఎంతోమంది టీచర్లయిండ్రు. 2020 ఏప్రిల్ 22న అయిదుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. నూరు శాతం సమానత్వ హక్కుకు విరుద్ధం అన్నది. దాంతోపాటు ఇంకో మాట కూడా అన్నది: జిల్లాలోని మిగతా స్థానికులకు రాష్ట్రపతి ఉత్తర్వులు ఇచ్చిన హక్కును ఆ జీవో తీసేస్తున్నదని. అంటే సిటీ కాలేజీ దగ్గర రక్తం కార్చిన నినాదం నుంచి పుట్టిన కాగితమే, మన బడికి అడ్డం వచ్చింది.

1952 విద్యార్థులను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్ల త్యాగం లేకుంటే 'స్థానికుడు' అన్న మాటే చట్టంలో ఉండకపోను. మనం నేర్చుకోవాల్సింది వేరే ఉంది. ఊరేగింపు అయిపోయినంక, నినాదాన్ని నిబంధనగా రాసే గదిలో ఎవరు కూచుంటే వాళ్ల ఊరి కొలతే చట్టమైతది.

అందుకే జీవో 3 కావాలి అని అరవడం ఒక్కటే చాలదు. తీర్పు చదవాలె. మన మండలంలో ఎన్ని టీచర్ పోస్టులు ఖాళీగా ఉన్నయో సమాచార హక్కు కింద అడిగి లెక్క తీయాలె. గిరిజన సలహా మండలి సభ్యులకు ఆ లెక్క చూపించి తీర్మానం అడగాలె. రాష్ట్రపతి ఉత్తర్వులను రాష్ట్ర సర్కారు ఒక్కటే మార్చలేదు, కాబట్టి మన ఎంపీలను కూడా అడగాలె. కోర్టులో నిలబడే శాతం ఎంతో, ఏ మాటల్లో రాయాల్నో మన లా విద్యార్థులే ముసాయిదా రాయాలె.

సిటీ కాలేజీ పక్కనే హైకోర్టు ఉంది. నినాదం ఇచ్చిన చోటు నుంచి అది నిలబడాల్సిన చోటుకు నాలుగడుగులే. ఆ నాలుగడుగులు ఈసారి మనమే వేద్దాం. ఎవరి మండలం లెక్క వాళ్లు తెండ్రి.