కోలారు పట్టుపురుగు వంశచరిత్ర: డి.ఎన్.ఏ. తునకల సాక్ష్యము

కోలారు అనగానే లోకమునకు స్ఫురించునది బంగారము. 1880లో జాన్ టేలర్ సంస్థ చేపట్టిన త్రవ్వకము మూడు వేల మీటర్లకు మించిన లోతునకు దిగి, 2001 ఫిబ్రవరి 28వ తేదీన ముగిసినది. అయితే ఈ సీమకు వేరొక సంపద కలదు. అది పల్లెటిండ్లలో చంద్రికలపై పండునట్టి పట్టు. ములబాగలు, శ్రీనివాసపురము మొదలు చింతామణి, శిడ్లఘట్ట వరకు తెలుగు మాటాడు రైతుకుటుంబము లెన్నియో మల్బరీ తోటను, పట్టుగూటిని నమ్మి జీవించుచున్నవి. చింతామణి, శిడ్లఘట్ట తాలూకాలు 2007లో చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరినను ఈ వృత్తిబంధము తెగలేదు.

ఈ పురుగు ఎచ్చటిది? దాని బంధువు లెవ్వరు? మైసూరు రాజ్యమున పట్టుపరిశ్రమకు పునాది వేసినవాడు టిప్పు సుల్తాను. 18వ శతాబ్ది చివర నతడు వంగదేశమునుండి పట్టుపురుగులను, పెంపకపు మెలకువలను తెప్పించెను. కాలక్రమమున ఈ నేలకు, ఈ ఎండకు అలవడిన జాతి ‘ప్యూర్ మైసూర్’ అను పేర ప్రసిద్ధమైనది. దాని గూడు చిన్నది, ఆకుపచ్చ చాయ గల పసుపువన్నెది. దాని దారము సుమారు 400 మీటర్లు మాత్రమే. కాని అది వేడిమిని, రోగములను ఓర్చును. గుడ్లు నిద్రింపక ఏటికి పలుమార్లు పొదుగును. జపాను, చైనా దేశములనుండి వచ్చిన ‘బైవోల్టైన్’ జాతులు ఏటికి రెండు తరములే యిచ్చును. వాని దారము 1,000 మీటర్లకు మించును గాని, వానికి సుకుమారమైన సంరక్షణ కావలయును. అందుచేత 1920ల నుండి ఈ రెంటి సంకరము మైసూరు సీమలో వ్యాపించెను. మైసూరు జాతి తల్లిగను, 1990లలో మైసూరు పరిశోధనాలయమున రూపొందిన సి.ఎస్.ఆర్.-2 తండ్రిగను గల సంకరమునకు ‘కోలార్ గోల్డ్’ అను పేరు కలిగినది. గనిలోని పేరు గూటి కెక్కినది.

గూటి వన్నె, పురుగు మేనిమచ్చలు చూచి జాతిని గుర్తించుట పూర్వాచారము. కాని ఇవి కొలది లక్షణములు మాత్రమే. పైకి ఒకే తీరున నుండు రెండు జాతులు లోపల మిక్కిలి భిన్నములు కావచ్చును. నిజమైన వంశావళి డి.ఎన్.ఏ.లో నున్నది. అది ఎ, టి, జి, సి అను నాలుగక్షరముల సుదీర్ఘ లేఖనము.

ఈ లేఖనమును తునకలుగా కోయు సాధనము 1970 ప్రాంతమున లభించెను. సూక్ష్మజీవులయందుండు ‘రెస్ట్రిక్షన్ ఎంజైములు’ ఒక నిర్దిష్టమైన అక్షరవరుస కనబడిన చోటనే డి.ఎన్.ఏ.ను ఖండించును. ఎకో-ఆర్-ఒన్ అను ఎంజైము జి-ఎ-ఎ-టి-టి-సి అను వరుసను మాత్రమే కోయును. ఆర్బర్, నేథన్స్, స్మిత్ అను మువ్వురకు ఇందులకై 1978లో నోబెల్ బహుమానము వచ్చెను. తునకలను జెల్ అను మెత్తని పలకలో నుంచి విద్యుత్తు ప్రసరింపజేసినచో చిన్నవి దూరముగా, పెద్దవి దగ్గరగా నిలిచి పట్టీలుగా ఏర్పడును. వానిలో కావలసిన తునకను గుర్తించు విధానమును 1975లో సదర్న్ కనిపెట్టెను.

ఉదాహరణకు 6,000 అక్షరముల భాగమున 2,000వ చోట కోతస్థానము కలదనుకొందము. ఒక జాతిలో 2,000, 4,000 పొడవు గల రెండు తునకలు వచ్చును. వేరొక జాతిలో ఆ స్థానమున ఒక్క అక్షరము మారియుండినచో కోత పడదు. 6,000 పొడవు తునక యొక్కటే మిగులును. ఆ రెంటి సంకరసంతతిలో మూడు తునకలును కానవచ్చును. తల్లి వంతు, తండ్రి వంతు రెండును ఒకేసారి బయటపడును. ఈ పొడవు భేదములతో జన్యుపటమును గీయవచ్చునని 1980లో బోట్‌స్టైన్ మొదలగువారు సూచించిరి. 1984లో ఇంగ్లండున జెఫ్రీస్ ఒకే వరుస పలుమార్లు మరల మరల వచ్చు భాగముల పొడవునుబట్టి వ్యక్తిని గుర్తింప వచ్చునని చూపెను.

ఈ చరిత్రలో తెలుగువారు గమనింపదగిన ఘట్ట మొకటి కలదు. డాక్టర్ లాల్జీ సింగ్ ఎడిన్‌బరోలో సహచరులతో కలిసి ఒక కట్లపాము డి.ఎన్.ఏ.నుండి జి-ఎ-టి-ఎ అను వరుస పదేపదే వచ్చు భాగమును వేరుచేసి 1980లో ప్రకటించెను. పిమ్మట హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో దానినే మానవుల డి.ఎన్.ఏ. ముద్రలకు వాడెను. ఆ పాము శాస్త్రనామము ‘బంగారస్’ అని ఆరంభమగును. పాట్రిక్ రస్సెల్ 1796 నాటి గ్రంథమున కోరమాండల్ తీరపు పాములను వర్ణించుచు నమోదు చేసిన ‘బంగారు పాము’ అను తెలుగు మాటయే దానికి మూలము.

ఆ బంగారు పాము తునకయే పట్టుపురుగు రహస్యమును విప్పెను. 1995లో జె. నాగరాజు, లాల్జీ సింగ్ మొదలగువారు ఆ సాధనముతో పట్టుపురుగు జాతుల డి.ఎన్.ఏ. ముద్రలను ప్రకటించిరి. అదే సంవత్సరమున జి.ఎం. నాగరాజ, జె. నాగరాజు పి.సి.ఆర్. విధానమున 13 జాతులను పరీక్షించిరి. ఇందు కోతకు బదులు డి.ఎన్.ఏ. భాగములను నకలు తీసి, ఆ నకళ్ళ పట్టీలను పోల్చుదురు. గుడ్లు నిద్రించు జాతులు ఒక గుంపుగను, నిద్రింపని జాతులు వేరొక గుంపుగను విడివడెను. రైతు అనుభవమున నెఱిగిన భేదము డి.ఎన్.ఏ.లోను కనబడినది.

కోలారు రైతునకు దీని ప్రయోజన మేమి? సంకరపు గూటినుండి మరల విత్తనము తీసినచో తరువాతి తరమున గుణములు చెదరిపోవును. కావున ప్రతి పంటకును శుద్ధమైన తల్లిజాతి, శుద్ధమైన తండ్రిజాతి కావలయును. విత్తనము కల్తీయైనచో ఒక కుటుంబము నెలదినముల శ్రమ, మల్బరీ ఆకు, అప్పుసొమ్ము వ్యర్థమగును. కంటికి కానరాని కల్తీని తునకల పట్టీలు పట్టియీయగలవు.

అంతకంటె ముఖ్యమైన దొకటి. మైసూరు జాతి తక్కువ పట్టు నిచ్చునని దానిని విడిచివేయు ప్రమాదము కలదు. సామాన్యముగా సంకరబలమునకు మూలము తల్లిదండ్రుల జన్యుభేదమే. దూరపు బంధువైన ఈ చిన్నగూటి జాతి లేనిచో ‘కోలార్ గోల్డ్’ లేదు. శుద్ధజాతిని పోషించు విత్తనరైతునకు తగిన వెల చెల్లించుట దయ కాదు, పరిశ్రమకు ప్రాణాధారము. గని మూతపడినను బంగారము భూగర్భముననే యుండును. అంతరించిన జాతిని మాత్రము ఏ గనియు మరల నీయజాలదు.