మైనం చేసిన మేలు

హుకుంపేట కొండల్లో తేనె పిండేశాక మిగిలిన పట్టు చెత్త అనుకునేరు! కరిగించి వడగడితే అదే మైనం. ఆయుర్వేదం దాన్ని మధూచ్ఛిష్టం అంది; నూనెలో కరిగించి సిక్థతైలమనే లేపనం చేసింది. రెండో శతాబ్దంలో రోములో వైద్యుడు గేలెన్ కూడా మైనాన్నే నూనెతో, పన్నీటితో కలిపాడు. మైనమే ఎందుకంటారా? కొబ్బరినూనె పాతిక డిగ్రీలకే నీరవుతుంది. మైనం 60 దాటితే గాని కరగదు. మన ఎండలకి అదే తట్టుకోవాలి మరి.

కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ రాబడే 1908లో ఆంధ్రపత్రికకి ఊపిరి పోసింది. 1914లో అది మద్రాసులో దినపత్రిక అయింది. తలనొప్పి మందు మనకి పత్రికనిచ్చిందన్నమాట!

ఇలాంటి ఘాటు మందులతో ఓ చిక్కుంది. కర్పూరం, మెంతాల్ విడివిడిగా గట్టివే. కలిపి నూరితే నీళ్ళయిపోతాయి. వాటిని పట్టి ఉంచడానికే మైనమో, వాసెలీనో కావాలి. వేడికి కరిగిన లేపనం చల్లారితే మళ్ళీ పేరుకుంటుంది, నిజమే. ఆవిరైపోయిన ఘాటు మాత్రం వెనక్కి రాదు. అర్ధరాత్రి అత్తగారికి తలనొప్పి వస్తే సీసాలో ఉత్త జిడ్డే మిగులుతుంది. మీ సీసా పొయ్యిగట్టు మీదుంటే, మూత బిగించి బీరువాలోకి మార్చండి.