గాజుతొట్టిలో పగడములు

మన ఇండ్లలో స్త్రీలు నల్లపూసల నడుమ పగడములు గుచ్చుకొనుట తరతరముల ఆచారము. నవరత్నములలోను పగడమునకు చోటున్నది. కాని ఆ ఎర్రని పూస ఒకప్పుడు చిన్న చిన్న జీవులు కట్టుకొన్న గూటిలోని భాగమని తలచువారు అరుదు. అందుకు వారిని తప్పుపట్టనక్కరలేదు. ఐరోపా పండితులే ఈ మాటను నమ్ముటకు చాలకాలము పట్టినది.

1706 లో మార్సిలి అను ఇటలీ పండితుడు ఫ్రాన్సు దక్షిణ తీరమున పగడపు కొమ్మ నొకదానిని సముద్రజలముతో నిండిన పాత్రలో ఉంచినాడు. కొంతసేపటికి దానిపై తెల్లని పూవులవంటివి విచ్చుకొన్నవి. పగడము మొక్కయే అనుటకు వేరు సాక్ష్యమేల అని అతడు సంతోషించినాడు. మార్సెయిల్ వైద్యుడు పెసొనెల్ 1720 తరువాతి సంవత్సరములలో ఆ పూవులనే పరిశీలించి, అవి పూవులు కావు, జంతువులు అన్నాడు. పారిస్ అకాడమీలో ఆ మాటను వినిపించిన రెయోమ్యూర్, చెప్పినవాడు నవ్వులపాలగునని అతని పేరు దాచిపెట్టినాడు! పెసొనెల్ మాట నిజమని ఒప్పుకొనుటకు మరి పదునైదేండ్లు గడచినవి.

మొక్కయా, జంతువా అను వాదము తీరినది. కాని సముద్రమునకు దూరముగా ఆ జీవులను బ్రతికించుట ఎట్లు? నగలకు వాడు ఎర్రపగడమునకు దాయాదులైన రాతిపగడము లున్నవి. సున్నపు గిన్నెలు కట్టుకొని వానిలో నివసించునవి ఇవియే. వీనిని ఇంటిలో పెంచి చూపినది ఏ ఆచార్యుడును కాదు, లండనులోని ఒక గృహిణి.

ఆమె పేరు ఆన్నా థిన్. భర్త వెస్ట్‌మినిస్టర్ దేవాలయమున మతాధికారి. 1846 లో ఆమె టార్కీ అను సముద్రతీరపు ఊరికి పోయి, అక్కడి రాళ్లపై రాతిపగడములను చూచి ముచ్చటపడి, జాడీలో పెట్టి లండనునకు తెచ్చినది. నీరు వాని చుట్టును ఆడవలెనని సూదిదారములతో వానిని స్పాంజికి కుట్టినది. మొదట సముద్రజలమును తెప్పించి మార్చుచుండెడిది. తరువాత ఉన్న నీటినే కాపాడుకొనవలసి వచ్చినది. అప్పుడు తెరచిన కిటికీ ఎదుట ఆ నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రకు అరగంట, ముప్పావుగంట సేపు పోయించెడిది. గాలి కలిసి నీరు మరల తాజా అగుట కిది ఉపాయము. పోయు పని పనిపిల్లది. అలసట కలిగించు పనియే అయినను ఆ పిల్లకు అది ఆటగా ఉండెనని ఆన్నా థిన్ వ్రాసినది. మన వంటిండ్లలో కాఫీని తిరగబోయు విద్యయే ఇది!

1847 లో ఆమె సముద్రపు మొక్కలను కూడ తెప్పించి ఆ తొట్లలో వేసినది. వెలుతురులో మొక్కలు ప్రాణవాయువును విడుచును. జంతువులు దానిని పీల్చును. ఈ ఇచ్చిపుచ్చుకొనుటవలన పనిపిల్లకు శ్రమ తగ్గినది. పగడములు మూడేండ్లకు పైగా బ్రతికి పిల్లలను కూడ పెట్టినవి. 1859 లో ఆమె పరిశీలనలు అచ్చుపడినవి.

ఇంతలో 1853 లో లండను జంతుప్రదర్శనశాలలో మత్స్యశాల వెలసినది. మరుసటి ఏట ఫిలిప్ గాస్ గ్రంథము వచ్చినది. ఇంటింట గాజుతొట్టి మోజైనది. జనము బుట్టలతో, ఉలులతో తీరమునకు పరుగెత్తినారు. కొన్నేండ్లలో రాతిగుంటలు బోసిపోయినవి. ఆ సౌందర్యమును చూడుడని లోకమును పిలిచిన గాస్ దానికి ఎంతో వగచినాడని అతని కుమారుడు ఎడ్మండ్ 1907 లో వ్రాసినాడు. ప్రేమించినవారే పాడుచేయుట ఈ చరిత్రలోని విషాదము.

ఉష్ణసముద్రపు పగడముల పెంపకము ఇంతకంటె కష్టము. దిబ్బలు కట్టు పగడములలో చాలవాని దేహమున సూక్ష్మమైన నాచు నివసించును. ఆ నాచు ఎండలో ఆహారము వండి పగడమునకు పెట్టును. కనుక వెలుగు చాలనిచో పగడమునకు పస్తే. 1956 లో న్యూ కాలెడోనియాలో కటాలా దంపతులు తెరచిన ప్రదర్శనశాలలో సజీవమైన పగడములను చూపినారు. జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్ జీవులతో నిండిన సముద్రపు రాళ్లు, సూర్యకాంతి, గాలిబుడగలు ఈ మూటితోనే తొట్టి నడుపు పద్ధతిని 1961 లో ప్రకటించినాడు. నేడు విదేశములలో పెంపకందార్లు తొట్టిలో పెరిగిన పగడమునుండియే ముక్క విరిచి, రాతిపై అతికి, కొత్తదానిని పెంచుచున్నారు. మనము గులాబికొమ్మను నాటినట్లే ఇది. ఇట్లు పెంచిన ప్రతి ముక్కయు సముద్రమునుండి తీయనక్కరలేని ముక్క.

మన దేశమున మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాన్ దీవులు పగడములకు నెలవులు. 2001 లో దిబ్బలు కట్టు పగడములను వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి షెడ్యూలులో చేర్చినారు. పులి ఉన్న పట్టికయే అది. కావున యాత్రకు పోయిన చోట తెల్లని పగడపు రాయి కంటబడినను, దానిని ఇంటికి తేవలదని శ్రోతలకు మా మనవి. అది వట్టి రాయి కాదు. ఎన్నో ప్రాణములు కట్టుకొన్న ఇల్లు.