వాడిన ఎస్‌టీఐ అమ్మకానికి: ఒక ప్రకటనకు ప్రతిపద వ్యాఖ్య

అమెరికాలో చదువు ముగించి ఉద్యోగంలో చేరిన మన కుర్రాళ్లు చాలామంది మొదట కొనేది క్యామ్రీయో, అకార్డో. తర్వాత చేతిలో నాలుగు డాలర్లు ఆడేసరికి కొందరి మనసు సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్‌టీఐ మీదికి పోతుంది. బానెట్ మీద గాలి పీల్చే స్కూప్, డిక్కీ మీద ఎత్తైన వింగ్, నాలుగు చక్రాలకూ అందే శక్తి, చేత్తో వేసే ఆరు గేర్లు. ఆ ముచ్చట నాకు బాగా తెలుసు, తప్పుపట్టను. కొత్తది మాత్రం దొరకదు. 2004 మోడల్‌తో అమెరికాకు వచ్చిన ఈ కారు 2021 మోడల్‌తో ఆగిపోయింది. తర్వాతి తరంలో పెట్రోలు ఎస్‌టీఐ ఉండదని కంపెనీ 2022 మార్చిలో ప్రకటించింది. కొంటే వాడినదే కొనాలి.

ఈ కార్ల ప్రకటనలు దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి: "2016 ఎస్‌టీఐ, 78 వేల మైళ్లు, క్లీన్ టైటిల్, స్టేజ్ 2 ట్యూన్, రెండు కొత్త టైర్లు, ఆయిల్ ఎప్పటికప్పుడు మార్చాం, ఏ పనీ లేదు, ధర ఫిక్స్." ఒక్కో మాటా విడదీసి చూద్దాం. చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: ఈ కారు విషయంలో ఏ సంవత్సరం మోడల్ అన్నదానికన్నా ఇన్నాళ్లూ ఎవరు నడిపారన్నదే ముఖ్యం.

2016 ఎస్‌టీఐ. ముందు ఇది ఎస్‌టీఐయేనా, మామూలు డబ్ల్యూఆర్ఎక్సా అని తేల్చుకోండి. పైకి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, ఇంజన్లు మాత్రం వేరు. ఆ ఏటి డబ్ల్యూఆర్ఎక్స్‌లో 2 లీటర్ల ఎఫ్ఏ20 ఇంజన్, 268 హార్స్‌పవర్, టైమింగ్ చైను. ఎస్‌టీఐలో అంతకన్నా పాత తరానికి చెందిన 2.5 లీటర్ల ఈజే257, 305 హార్స్‌పవర్, టైమింగ్ బెల్టు. పేరుప్రతిష్ఠలన్నీ ఈజేవే, అపకీర్తి కూడా దానిదే.

ఆ అపకీర్తికి కారణం పిస్టన్‌లో ఉంది. పిస్టన్ చుట్టూ రింగులు కూర్చునే గాడులు, వాటి మధ్య సన్నని గట్లు ఉంటాయి. ఆ గట్లనే రింగ్‌ల్యాండ్లు అంటారు. ఈ ఇంజన్‌లో పిస్టన్లు పోత పోసినవి. గట్టివే కానీ పెళుసు. స్పార్కు రగిలించిన మంట తనదాకా వచ్చేలోపే మిగిలిన ఇంధనం తనంతట తాను పేలడాన్ని నాక్ అంటారు. టర్బో బలంగా గాలి నెడుతున్నప్పుడు ఆ నాక్ వస్తే దెబ్బ నేరుగా ఆ సన్నని గట్టుకే తగులుతుంది. గట్టు చిట్లితే కంప్రెషన్ పడిపోతుంది, ఆయిల్ పైకి పోయి మండుతుంది. నాలుగో సిలిండర్‌లో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుందని ఈ కార్లు బాగుచేసే మెకానిక్‌లు చెబుతారు. పెద్ద గేరులో, తక్కువ ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కే అలవాటున్న డ్రైవరు దీన్ని మరీ త్వరగా తెచ్చుకుంటాడు.

78 వేల మైళ్లు. అంకె బాగానే ఉంది. అయితే టైమింగ్ బెల్టును లక్షా ఐదు వేల మైళ్ల దగ్గర మార్చాలి. తెగితే వాల్వులు పిస్టన్లకు గుద్దుకుని ఇంజన్ పాడవుతుంది. అంటే బెల్టు మార్చే ఖర్చు కారు మీ చేతిలో ఉండగానే వస్తుంది. ధర మాట్లాడేటప్పుడు దాన్ని లెక్కలో వేసుకోండి.

క్లీన్ టైటిల్. ఏ బీమా కంపెనీ ఈ కారును పూర్తి నష్టం కింద రాయలేదన్నంత వరకే దీని అర్థం. ప్రమాదమే జరగలేదని కాదు. కారు చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ నివేదికలో కనిపించేదీ ఎవరో ఒకరు నమోదు చేయించిందే. అప్పు తీరక టైటిల్ పత్రం బ్యాంకు చేతిలో ఉంటే డబ్బు చెల్లింపు ఆ బ్యాంకులోనే జరగాలి. మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ వైపు తిరిగిన కారైతే లిఫ్ట్ ఎక్కించి కింద తుప్పు చూడండి. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు ఇనుమును తినేస్తుంది.

స్టేజ్ 2 ట్యూన్. ప్రకటన మొత్తంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. సైలెన్సర్ గొట్టాలు మార్చి, ఇంజన్ కంప్యూటర్‌లో కొత్త ప్రోగ్రాం ఎక్కించి, టర్బో ఒత్తిడి పెంచారని దీని భావం. నిపుణుడు ఒక్కో కారునూ శక్తిని కొలిచే డైనో యంత్రం మీద పెట్టి చేసిన ట్యూన్ ఉంది, పెట్టెలోంచి తీసి ఎక్కించేసింది ఉంది. ప్రకటన చూస్తే ఏది ఏదో తెలియదు. పోత పిస్టన్ల సంగతి తెలిశాక ఈ మాట చూస్తే నాకు భయమే వేస్తుంది.

అందుకే కంప్యూటర్‌నే అడగాలి. ఇంజన్ ఎంత నిశ్చింతగా నడుస్తోందో సుబారు కంప్యూటర్ ఒక అంకెగా దాచుకుంటుంది. దాన్ని డీఏఎం అంటారు, ట్యూనింగ్ పరికరంతో చదవవచ్చు. 1 ఉంటే మంచిది. తగ్గి ఉంటే నాక్ విన్నదని అర్థం. కొందరు అమ్మే ముందు బ్యాటరీ తీసి ఆ జ్ఞాపకాన్ని చెరిపేస్తారు. దానికీ ఉపాయం ఉంది. మామూలు ఓబీడీ స్కానర్ పెట్టి ఉద్గార పరీక్షల రెడీనెస్ వరస చూడండి. "సిద్ధంగా లేదు" అని నాలుగైదు కనిపిస్తే ఈ మధ్యే ఎవరో చెరిపారు. ఎందుకు చెరిపారో అమ్మేవారిని అడగండి. సమాధానం తిన్నగా రాకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

కాలిఫోర్నియాలో ఇంకో ఇబ్బంది ఉంది. 2021 జులై నుంచి అక్కడి స్మాగ్ పరీక్షలో కంప్యూటర్ ప్రోగ్రాం మార్చారా అని కూడా చూస్తున్నారు. ఆమోదం లేని ట్యూన్ ఉంటే పాస్ కాదు.

రెండు కొత్త టైర్లు. మామూలు కారుకైతే ఇది శుభవార్తే. ఇక్కడ కాదు. నాలుగు చక్రాలూ ఒకదానితో ఒకటి ముడిపడి తిరుగుతాయి. టైర్ల చుట్టుకొలతల్లో తేడా పావు అంగుళం దాటకూడదు. టైరు మందంలో లెక్కేస్తే అది ఒక్క మిల్లీమీటరు. ముందు కొత్తవి, వెనుక అరిగినవి వేసి నడిపితే మధ్య డిఫరెన్షియల్ తిన్నని రోడ్డు మీద కూడా విశ్రాంతి లేకుండా పనిచేసి అరిగిపోతుంది. కొలిచే పుల్ల జేబులో వేసుకెళ్లి నాలుగు టైర్ల లోతూ చూడండి. తేడా ఉంటే నాలుగు టైర్ల ధర తగ్గించమనడమే కాదు, ఎన్ని వేల మైళ్లు అలా నడిపారో కూడా అడగాలి. వేసవి టైర్లతో మంచులోకి వెళ్లొద్దు. నాలుగు చక్రాల శక్తి కారును కదిలించడానికి పనికొస్తుంది, ఆపడానికి కాదు.

ఆయిల్ ఎప్పటికప్పుడు మార్చాం. రసీదులు చూపించమనండి. ఈ ఇంజన్ ఆయిల్ తాగుతుంది. తక్కువైతే కనెక్టింగ్ రాడ్ బేరింగులు పోతాయి. ఆయిల్ పీల్చే గొట్టం అతుకు దగ్గర పగిలినా ఇదే గతి. మీరే డిప్‌స్టిక్ లాగి, తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. అమ్మకానికి పెట్టిన కారులోనే ఆయిల్ కింది గీత దగ్గరుంటే ఆ యజమాని ఎలాంటివాడో తెలిసిపోయింది.

ఏ పనీ లేదు. అలాగైతే తనిఖీకి అభ్యంతరం ఉండకూడదు. మీరు వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఏదో శబ్దాన్ని దాచి ఉండవచ్చు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి వినండి, వేడెక్కాక మళ్లీ వినండి. కింద నుంచి టకటకమని బరువైన చప్పుడు వస్తే బేరం అక్కడితో ఆపేయండి. తర్వాత సుబారు పని తెలిసిన మెకానిక్ దగ్గర, అమ్మేవారికి సంబంధం లేనివాడి దగ్గర, కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు రెండూ చేయించండి. లీక్‌డౌన్‌లో ఒక్కో సిలిండర్‌లోకీ గాలి ఎక్కించి ఎంత కారుతుందో, ఎటు కారుతుందో చూస్తారు. ఆయిల్ పోసే మూత దగ్గర గాలి బుసకొడితే రింగుల దగ్గర తేడా ఉన్నట్టే. ఈ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గులు అందుకోవడం కష్టం, కాబట్టి కూలి ఎక్కువే అడుగుతారు. ఇచ్చేయండి.

ధర ఫిక్స్. అతని ధర ఫిక్స్ కావచ్చు, మీ ఖర్చు కాదు. 2016 నాటి ఎస్‌టీఐకి ప్రభుత్వ లెక్క ప్రకారం సగటు మైలేజీ గ్యాలన్‌కు 19 మైళ్లు, అదీ ప్రీమియం పెట్రోలుతో. డబ్బు కట్టే ముందు వీఐఎన్ నంబరుతో బీమా కొటేషన్ తెప్పించుకోండి. అమెరికాలో డ్రైవింగ్ చరిత్ర లేని యువకుడికి ఆ అంకె కారు నెలసరి కిస్తీతో పోటీపడవచ్చు. ఇంజన్ పోతే ఇంజన్ కింది భాగమైన కొత్త షార్ట్ బ్లాక్‌కు, కూలికి వేల డాలర్లు కావాలి. హెచ్1బీ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి సాధారణంగా దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఇంజన్ విప్పిన కారు గ్యారేజీలో ఉండగా ఆ గడువు మొదలైతే పడే యాతన ఎవరికీ రాకూడదు.

ఈ ప్రకటనలోని కారును నేనైతే కొనను. స్టేజ్ 2, రెండు కొత్త టైర్లు, ఈ రెండు మాటలే చాలు. కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉన్నది, రసీదుల కట్ట ఉన్నది, లీక్‌డౌన్‌లో నెగ్గినది దొరికితే, ఇంజన్ ఖర్చుకు సరిపడా డబ్బు కారు ధరకు పైన విడిగా బ్యాంకులో ఉంటే, కొనండి. ఆ డబ్బు లేకపోతే ఈ ఏడాదికి క్యామ్రీనే నడపండి.