రంగూన్ రిజిస్టర్లలో తెలుగువాడు

1852లో ఇంగ్లీషువాళ్లు రంగూన్‌ను, అంటే నేటి యాంగోన్‌ను, పట్టుకున్నాక రేవు పెరిగింది. రేవుకు కూలీలు కావలసి వచ్చారు. కాకినాడ, భీమునిపట్నం, విశాఖల్లో స్టీమరెక్కి వెళ్లిన తెలుగువాళ్లందరినీ అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. సిక్కోలు మనిషైనా గోదావరి మనిషైనా ఒకటే లెక్క. తమలో తాము మాత్రం వాళ్లు ఊరు, కులం, మేస్త్రీ పేరు చెప్పుకునేవారు. అడ్వాన్సిచ్చి, ఓడ ఛార్జీ పెట్టి తెచ్చి, ఆ బాకీ కూలిలో కోసుకునే గుంపు పెద్ద మేస్త్రీ.

పాలించేవాళ్లకు పట్టికలు కావాలి. 1931 జనగణన నాటికి రంగూన్ జనాభా నాలుగు లక్షలు, అందులో సగానికి పైగా భారతీయులే. భారతీయ తండ్రికీ బర్మా తల్లికీ పుట్టినవాళ్లను ఏ గడిలో వేయాలన్నది అధికారులకు పెద్ద చిక్కు. వాళ్లలో ముస్లింలకు ‘జేర్బాదీ’ అని వేరే పేరు పెట్టారు. భాషను బట్టి జాతిని తేల్చడం నిలవదని అదే జనగణన నివేదికకు నోటు రాసిన కెప్టెన్ గ్రీన్ ఒప్పుకున్నాడు. తమ పని పద్ధతినే శంకించిన ఉద్యోగులు ఆ కాలంలో ఎందరున్నారు?

1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. రాజీ కుదిరాక, మే 26 ఉదయం పనికొచ్చిన బర్మావాళ్లను పొమ్మన్నారు. వాళ్లను చూసి మనవాళ్లు నవ్వారట. అది తోపులాటగా మారి, నగరమంతా పాకి వందమందికి పైగా చనిపోయారు. యజమాని చేసిన పనికి పొరుగువాడు దెబ్బలు తిన్నాడు.

వలస వ్యవహారాలు చూసిన అధికారి ఆండ్రూ 1933లో రంగూన్ భారత కూలీల మీద పుస్తకం రాశాడు. అంతకన్నా లోతుగా చూసినవాడు జె.ఎస్. ఫర్నివాల్. 1902లో అధికారిగా బర్మా వచ్చి, 1923లో పదవీ విరమణ చేశాడు. జాతులు బజారులో కలుస్తాయే కానీ బతుకులో కలవవని గ్రహించి, ఆ ఏర్పాటుకు ‘బహుళ సమాజం’ అని పేరు పెట్టాడు. 1948లో అచ్చయిన గ్రంథంలో వలసపాలన పద్ధతినే బోనెక్కించాడు. తాను నడిపిన యంత్రాన్నే విప్పి చూపించడం చిన్న సంగతి కాదు. అయితే ఈ పుస్తకాలన్నిటిలో కూలీ మాట్లాడడు, అధికారులే మాట్లాడతారు.

1942లో జపాన్ దాడికి భయపడి లక్షలమంది అస్సాం దారిన నడిచి వచ్చారు. 1964 తర్వాత బర్మాలో వ్యాపారాల జాతీయీకరణతో మరో విడత తిరిగొచ్చింది. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంప్ ఆ కాలం గుర్తే. బర్మాలోనే ఉండిపోయినవాళ్లను 1982 పౌరసత్వ చట్టం మళ్లీ గడుల్లోకి తోసింది. 1823కు ముందు స్థిరపడినవే సొంత జాతులట! ప్రభుత్వం గుర్తించిన 135 జాతుల జాబితాలో తెలుగు లేదు.